సుద్దగీతల గ్యారేజీ

నేను ఇళ్ళు గీయను. ఆటబొమ్మలకు పడకగదులు గీస్తాను. పదకొండేళ్ళుగా దోహాలో నేను తింటున్న అన్నం ఇదే.

బొమ్మలంటే తాళం తిప్పితే చప్పట్లు కొట్టే కోతి అనుకునేరు. ఒక్కోటి మా ఊరి సూడి గేదెంత బరువుండే మోటార్ సైకిళ్ళు, ఇసుక దిబ్బలెక్కి దిగడానికి తప్ప లోకంలో ఇంకెందుకూ పనికిరాని నాలుగు చక్రాల బళ్ళు. చలికాలం మొదలవగానే ఇక్కడి కుటుంబాలకు నాలుగు గోడల మధ్య ఊపిరాడదు. ఎడారిలో గుడారాలు వేసుకుని, సీజన్ అయ్యేదాకా అక్కడికీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉంటారు. గుడారం చాలదనుకున్నవాళ్ళు కారవాన్ కట్టించుకుంటారు. అంటే చక్రాల మీద ఇల్లు. పెద్ద కారు వెనక తగిలించుకుని లాక్కుపోవడమే. ఇల్లు వెళ్తుంది సరే, బొమ్మలు ఎలా వెళ్ళాలి? అందుకని ఇంటి వెనక భాగంలోనే వాటికో గ్యారేజీ. వెనక గోడ మొత్తం కిందికి వాలి, నేలను తాకి, బండి ఎక్కించడానికి వాలుబల్ల అయిపోతుంది. ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాపు కట్టేవి అవే. కాగితం మీద గీసేవాణ్ణి నేను.

నేనూ మా ఆవిడా ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక పాత విల్లాను ఆరు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కలో ఉంటాం. పడకగదిలో మంచం వేశాక మిగిలిన చోటులో ఒక మనిషి నిలబడవచ్చు. ఇద్దరైతే ఒకరు ఊపిరి పీల్చినప్పుడు ఇంకొకరు వదలాలి. ఒకరోజు మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో గ్యారేజీ గీస్తుంటే మా ఆవిడ టీ తెచ్చి భుజం మీంచి తొంగి చూసింది.

"ఇదెవరి గదండీ?"

"రెండు మోటార్ సైకిళ్ళది."

"వాటికి నాలుగు కిటికీలా?"

"కిటికీలు కావు, గాలి రంధ్రాలు. పెట్రోలు ఆవిరి కిందికి దిగుతుంది. అందుకని నేల దగ్గర రెండు, పైన రెండు..."

"మనకి ఒక్కటీ లేదు," అని టీ కప్పు నా మోకాలి మీద పెట్టింది. ఇంకెక్కడా చోటు లేదు మరి. "ఎప్పుడైనా ఖాళీ దొరికితే నన్ను పార్క్ చేసేందుకు కూడా ఒకటి గీసి పెట్టండి."

నేను గీసేవాణ్ణయితే కట్టేవాడు మేస్త్రీ. జగిత్యాల దగ్గర ఊరు. వెల్డర్‌గా మొదలై, పనివాళ్ళందరికీ పెద్దయ్యాడు. ఇరవై ఏళ్ళుగా ఖతార్‌లోనే ఉన్నాడు కానీ ఊళ్ళోవాళ్ళకు మాత్రం ఇప్పటికీ 'దుబాయ్‌ల' ఉంటాడు. ఖతార్, ఖతార్ అని చెప్పి చెప్పి విసిగిపోయి, ఇప్పుడు ఆయనే ఫోన్‌లో "ఆ, దుబాయ్‌ల మంచిగనే ఉన్న" అంటాడు. వర్క్‌షాపుకి రాకముందు బిల్డింగ్ సైట్లలో పనిచేశాడు. అక్కడ కాలి మీద ఒక ఇనుప గొట్టం పడి ఎడమ మోకాలు అప్పటినుంచి సగమే వంగుతుంది. మెట్లెక్కేటప్పుడు ఆ కాలిని చేత్తో పట్టుకుని, చుట్టాన్ని సాగనంపినట్టు పైమెట్టు మీద పెడతాడు.

ఆయనకో పద్ధతి ఉంది. నా డ్రాయింగ్ చేతికి రాగానే ఇనుము కోయడు. ముందు వర్క్‌షాపు నేల ఊడుస్తాడు. దారం, సుద్దముక్క తీసుకుని ఇల్లంతా అసలు కొలతల్లో నేల మీద గీస్తాడు. గోడలు, తలుపు, మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, వెనకాల గ్యారేజీ. తర్వాత గడప దగ్గర బూట్లు విప్పి లోపలికి నడుస్తాడు.

అవును, బూట్లు విప్పి. అవేమీ తోలు చెప్పులు కావు. ముందు ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ బూట్లు. వాటి తాళ్ళు విప్పడానికి ఒక మనిషి ఓపికా, ఇంకో మనిషి సాయమూ కావాలి. ఆ మోకాలితో అయితే అదొక యజ్ఞం. అయినా విప్పుతాడు. లేని తలుపు తెరుస్తాడు. లేని మంచం అంచున కూర్చుంటాడు. లేని పొయ్యి మీద చాయ్ పెట్టి, లేని కిటికీలోంచి లేని ఎడారిని చూస్తాడు. గ్యారేజీ గీత దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ బూట్లు వేసుకుంటాడు.

"గిది బండ్ల జాగ సార్. కింద ఆయిలుంటది," అంటాడు, సుద్ద తప్ప మరేమీ లేని నేలకేసి చూస్తూ.

మొదటిసారి నేను బూట్లతోనే గీత దాటాను. ఆయన చేతిలో సుద్ద ఆగిపోయింది. "సార్, ఎవలింట్లకన్న గిట్లనే వోతరా? బయట ఇడ్సి రాండ్రి."

నేపాలీ ఫిట్టర్లు, బంగ్లాదేశ్ పెయింటర్లు పనులాపి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ పదకొండేళ్ళలో ఆ సుద్ద నా పరువు ఎన్నిసార్లు కాపాడిందో చెప్పాలంటే ఇంకో పుస్తకం రాయాలి. ఒకసారి నేను గీసిన ఫ్రిజ్ తలుపు తెరిస్తే మంచం మీద పడుకున్నవాడి ముక్కు చదునైపోతుంది. అది కంప్యూటర్‌కు కనబడలేదు, నాకు కనబడలేదు. సుద్దమంచం మీద వెల్లకిలా పడుకున్న మేస్త్రీకి కనబడింది. "సార్, గీ ఇంటాయన ఐస్ క్రీమ్ తింటే ఇంటామె ముక్కు పోతది," అన్నాడు పడుకునే.

నా డ్రాయింగుల్లో కింద మూలన రెండు గళ్ళుంటాయి. గీసినవారు, సరిచూసినవారు. రెండింట్లోనూ సంతకం నాదే. గీసేటప్పుడు నేను నీలం పెన్ను వాడతాను, సరిచూసేటప్పుడు నల్ల పెన్ను. తేడా అంతవరకే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండు చలికాలాల కిందట మా వర్క్‌షాపుకి ఒక ఖతారీ పెద్దాయన వచ్చాడు. జీవితమంతా ఓడల మీద పనిచేసి రిటైరయ్యాడట. పాదాలదాకా ఉన్న తెల్లటి అంగీ, తోబ్ మీద ఒక్క మడత లేదు. ఫోన్ తీసి ఎక్కడో విదేశంలో కట్టిన కారవాన్ బొమ్మ చూపించాడు. ముందు ఇల్లు, వెనక సినిమా హాలంత గ్యారేజీ.

"రఫీక్, ఇధర్ నౌమ్, ఇధర్ మోటర్. సేమ్ సేమ్."

నేస్తం, ఇక్కడ నిద్ర, ఇక్కడ మోటార్, అచ్చం ఇలాగే. గల్ఫ్‌లో మాకందరికీ ఉన్న భాష ఇదే. మూడు భాషల్లోంచి తలా గుప్పెడు తీసి కలిపింది. మోటార్లు ఏవేవని అడిగాను. తనదొక మోటార్ సైకిల్, తమ్ముడిదొకటి, ఇసుక మీద తిరిగే నాలుగు చక్రాల బండి ఒకటి, వీటన్నిటితో పాటు వేటకు పెంచుకునే ఒక డేగ. డేగకు గ్యారేజీలో పెట్రోలు వాసన పడదు. పడకగదిలో పెడితే ఆయన భార్య పెద్దావిడకు డేగ పడదు. ఈ ఇద్దరి మధ్య రాజీ కుదర్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి గ్యారేజీకీ ఇంటికీ మధ్య గాలి చొరని గోడ కట్టి, గోడకు ఇంటివైపు చిన్న గూడు తీసి డేగను నిలబెట్టాను, పెద్దావిడ మంచానికి వీపు పెట్టి.

అంత పెద్ద గ్యారేజీ మేమెప్పుడూ కట్టలేదు. మా మేనేజర్ ఇద్దరినీ ఆఫీసులోకి పిలిచాడు. కేరళ ఆయన. మాట మెత్తన, నిర్ణయం గట్టి. మేస్త్రీ కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తోంది. ఇది సరిగ్గా వస్తే వర్క్‌షాపు ఇన్‌ఛార్జ్‌ని చేస్తాననీ, రాకపోతే కొత్త కాంట్రాక్టు అల్ ఖోర్ సైట్‌లో హెల్పర్‌గా రాయిస్తాననీ హిందీలో చెప్పాడు. సైట్ అంటే పరంజాలు, నిచ్చెనలు. మేస్త్రీ తన మోకాలికేసి చూడలేదు. నేను చూశాను.

బయటికొచ్చాక, "భయమేమీ లేదు కదా?" అన్నాను.

"భయమెందుకు సార్? మీరు గీస్తరు, నేను కడ్త. ఎప్పటి తీర్గనే."

నేను గీశాను. ఆ డ్రాయింగ్ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు, ఓర్చుకోండి. మోటార్ సైకిళ్ళు రెంటినీ పక్కపక్కనే నిలబెడితే హ్యాండిళ్ళు కొమ్ములు పెనవేసుకున్న పొట్టేళ్ళలా కొట్టుకుంటాయి. అందుకని ఒకదాని తల ఇటు, ఇంకోదాని తల అటు. బండి కట్టే తాళ్ళకు నేలలో రింగులు. అవి చెక్కకు బిగిస్తే మొదటి గతుకులోనే ఊడొస్తాయి కాబట్టి నేరుగా కింద ఇనుప చట్రానికి. వాలుబల్ల మరీ నిటారుగా ఉంటే గడప మీద బండి పొట్ట ఆనిపోయి, ముందు చక్రం లోపలా వెనక చక్రం బయటా, త్రిశంకుడిలా వేలాడుతుంది. దాని వాలు సరిచేయడానికి పద్నాలుగుసార్లు గీశాను. తాజ్‌మహల్ కట్టినవాడు కూడా అన్నిసార్లు చెరిపి ఉండడు.

అన్నిటికంటే గొప్పదనుకున్నది నీళ్ళ ట్యాంకు. ఇరుసుకు వెనక మూడు బళ్ళ బరువు. ఆ బరువుకి వెనక దిగిపోయి ముందు తేలిపోతే కారు కొక్కెం మీద పట్టు ఉండదు. రోడ్డు మీద కారవాన్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అందుకని ముందు మంచం కింద ఆరు వందల లీటర్ల ట్యాంకు పెట్టాను. వెనక బొమ్మలు, ముందు నీళ్ళు. తక్కెడ ముల్లు నిటారుగా నిలబడింది. ఆ లెక్క చూసుకుని నాకు నేనే షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నాను. నీలం పెన్నుతో ఒక సంతకం, నల్ల పెన్నుతో ఒక సంతకం.

మేస్త్రీ నేల ఊడ్చాడు. సుద్దతో గీశాడు. బూట్లు విప్పి నడిచాడు. మంచం దగ్గర ఆగాడు. ఇరుసు గీత దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ మంచం దగ్గరికి వచ్చాడు.

"సార్, ట్యాంకు ముంగటనే పెట్టిన్రు."

"ఆ. వెనక బరువుకి సరిపోవాలి కదా."

"నీళ్ళు ఒడ్సినంక?"

"అంటే?"

"మా ఊర్ల వరిగడ్డి బండి సార్. ఎన్క ఎక్కువేసినమనుకో, కాడి పైకి లేస్తది. ఎడ్ల మెడకు ఉరి వడ్తది. ముంగట కూసున్న మనిషి దిగిండంటే ఇగ అంతే. గీ నీళ్ళు గూడ ఆడ కూసున్న మనిషే గద?"

చుట్టూ పది మంది ఉన్నారు. నా చేతిలో పద్నాలుగుసార్లు గీసిన కాగితం ఉంది.

"మేస్త్రీ, ఇది ఎడ్లబండి కాదు. కంప్యూటర్ లెక్క కట్టింది," అన్నాను. పైగా ఎద్దులా ఒకసారి అంబా అన్నాను. అందరూ నవ్వారు. నా హాస్యానికి అంత మంచి స్పందన అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

మేస్త్రీ కూడా కొంచెం నవ్వాడు. వంగలేక వంగి, ట్యాంకు గీతలో సుద్దతో చిన్న సున్నా చుట్టాడు. బూట్లు వేసుకున్నాడు. ఇనుము కోయడం మొదలుపెట్టాడు.

ఆ సున్నా అర్థమయ్యేంత తెలివి నాకప్పుడే ఉంది. ఆలోచించేంత తీరిక లేదనుకున్నాను. నేను లెక్క కట్టింది ఇంటి నుంచి బయలుదేరే కారవాన్‌ని. ట్యాంకు నిండా నీళ్ళు, కొత్త ఉత్సాహం, అన్నీ నిండుగా ఉన్నప్పటి బండిని. మూడు రోజులు ఎడారిలో అన్నాలు వండుకుని, గిన్నెలు కడుక్కుని, ఇసుక కాళ్ళు కడుక్కుని తిరిగొచ్చే బండి నా కాగితంలో లేదు.

కారవాన్ తయారైంది. పెద్దాయన వచ్చి, మోటార్ సైకిల్‌ను తానే నడుపుతూ వాలుబల్ల ఎక్కించి లోపలికి తీసుకుపోయాడు. పొట్ట ఆనలేదు. హ్యాండిళ్ళు కొట్టుకోలేదు. డేగ గూట్లో కూర్చుని మమ్మల్నందరినీ అద్దె కట్టని వాళ్ళను చూసినట్టు చూసింది. పెద్దాయన నా భుజం తట్టాడు, మేస్త్రీ భుజం తట్టాడు. సోమవారం బయలుదేరి సీలైన్ దిబ్బలకు వెళ్ళాడు. మేనేజర్ ఇన్‌ఛార్జ్ కాగితం టైపు చేయించి సొరుగులో పెట్టాడని మాకు ఆఫీసు బాయ్ చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"రఫీక్! కారవాన్ డాన్స్ కర్తా!"

తిరిగొస్తుంటే పక్కనుంచి ఒక పెద్ద లారీ దాటిందట. ఆ గాలికి కారవాన్ తోక ఊగడం మొదలైంది. ఊగి ఊగి కారు వెనక భాగాన్ని కూడా పట్టి ఇటూ అటూ లాగింది. కారులో పెద్దావిడ ఉంది. ఓడల మీద బతికినవాడు కనుక గాభరాపడి బ్రేకు తొక్కలేదు. మెల్లగా వేగం తగ్గించి, లైట్లు వెలిగించుకుని, నడిచే మనిషి వేగంతో మా వర్క్‌షాపుదాకా వచ్చాడు. దిగినప్పుడు తోబ్ నిండా మడతలున్నాయి. పెద్దావిడ కారు దిగలేదు.

మేనేజర్ కారవాన్ చుట్టూ ఒకసారి తిరిగి, వంగి ఇరుసు చూశాడు. "ఇరుసు తప్పు చోట అతికాడు," అన్నాడు. ఎవరనేది చెప్పలేదు. ఇరుసు అతికేది ఒక్కడే. శనివారం అల్ ఖోర్ కాగితాలు తయారుచేయమని అక్కడే అక్కౌంటెంట్‌కి చెప్పి, పెద్దాయనను చాయ్‌కి లోపలికి తీసుకెళ్ళాడు.

"సార్, జర గిట్ల రాండ్రి," అన్నాడు మేస్త్రీ.

కారవాన్‌ను కారు నుంచి విడదీశారు. వెనక బళ్ళు మూడూ అలాగే ఉన్నాయి. ట్యాంకు ఖాళీ. మేస్త్రీ ముందు కొక్కెం కింద రెండు వేళ్ళు పెట్టాడు. ఎత్తాడు. లేచింది. మంచం, పొయ్యి, ఫ్రిజ్, డేగ గూడు, మూడు బళ్ళు, నా పద్నాలుగు డ్రాయింగులు, అన్నీ కలిసి ఆ రెండు వేళ్ళ మీద, ఆవులించే పిల్లిలా మోర పైకెత్తాయి. మళ్ళీ మెల్లగా దించాడు.

"నేను మీ కాయితంల ఉన్న కాడనే అతికిన సార్. ఇంచు గూడ ఇటు అటు పోలే."

"తెలుసు."

"ఎరికేనా?"

"ఎరికే."

"గంతే," అని చేతి తొడుగులు తీసి, కాలు ఈడ్చుకుంటూ కొళాయి దగ్గరికి వెళ్ళాడు.

మేనేజర్ గది పది అడుగుల దూరంలో ఉంది. తలుపు తెరిచే ఉంది. నేను ఆ పది అడుగులూ నడవలేదు. చూసేవాళ్ళకు నేను కొక్కెం పరిశీలిస్తున్నట్టు కనబడి ఉంటుంది. నా బుర్రలో మాత్రం పెద్ద కోర్టు నడుస్తోంది. చెబితే నా ఉద్యోగం ఏమవుతుంది, వీసా ఏమవుతుంది, ఇంజనీర్ గారని పిలిచే వాళ్ళు రేపేమంటారు. పెద్దాయన ముందు వద్దు, తర్వాత చెబుదాం. తర్వాత మేనేజర్ ఫోన్‌లో ఉన్నాడు. ఫోన్ అయ్యాక నేను కంపెనీ బస్సులో ఉన్నాను.

మర్నాడు శుక్రవారం. ఇక్కడ సెలవు ఆ రోజే కాబట్టి మేము ఆదివారం ఆరాధన శుక్రవారమే చేసుకుంటాం. లోకంలోని చర్చిలన్నీ ఒకే ఆవరణలో పక్కపక్కనే ఉన్నచోట, మా తెలుగువాళ్ళకూ ఒక హాలు, ఒక గంటన్నర. ఆ రోజు ప్రసంగం ఓర్పు గురించి. అయినా ప్రతి వాక్యం నా గురించే అనిపించింది. పాస్టర్ గారు నీళ్ళ గ్లాసు ఎత్తి తాగి ఖాళీ గ్లాసు బల్ల మీద పెడితే కూడా నాకు చెమట పట్టింది.

"ఏవండీ, పెదాలే కదులుతున్నాయి. పాట రావట్లేదే?" అంది మా ఆవిడ పక్కనుంచి.

తిరిగొచ్చేటప్పుడు కర్వా సిటీ బస్సులో అంతా చెప్పాను. లారీ గాలిని తుఫాను చేశాను, లెక్క ఎంత కష్టమైనదో వివరించాను, ఇంకెవరైనా ఇదే పొరపాటు చేసేవారన్నాను. మూడు స్టాపులు చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ విన్నది.

"ఆయన మోకాలు ఎలా ఉంది?" అంది.

అంతే.

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి మేస్త్రీ తన సామాను సర్దుకుంటున్నాడు. వెల్డింగ్ మాస్క్, తొడుగులు, కొలత టేపు. సుద్దముక్కలుండే పాత బిస్కెట్ డబ్బా ఇంకా బల్ల మీదే ఉంది. నేను చీపురు తీసుకుని నేల ఊడ్చాను. డబ్బాలోంచి సుద్ద తీసుకున్నాను.

"ఏం జేస్తున్రు సార్?"

"మీరు కూర్చోండి."

పదకొండేళ్ళలో మొదటిసారి చేత్తో గీశాను. కంప్యూటర్‌లో ఈకంత సన్నగా వచ్చే నా గీతలు నేల మీద పాము కుబుసంలా వంకర్లు తిరిగాయి. మేస్త్రీ చూడలేక, "దారం పట్టుండ్రి సార్, దారం," అని ఒక కొస తానే పట్టుకున్నాడు. ఇల్లు, ఇరుసు, గ్యారేజీ, ట్యాంకు. ట్యాంకులో ఆయన ఆ రోజు చుట్టిన చోటే సున్నా చుట్టాను. మోటార్ సైకిళ్ళు తీసుకుపోవడానికి పెద్దాయన వచ్చాడు. మేనేజర్ బయటికొచ్చాడు. ఇదేమిటన్నాడు.

"బూట్లు విప్పి లోపలికి రండి, చెబుతాను," అన్నాను హిందీలో.

మేనేజర్ నాకేసి పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. పెద్దాయన గడప గీత దగ్గర చెప్పులు వదిలి, అతిథులు కూర్చునే మజ్లిస్‌లోకి వచ్చినట్టు నెమ్మదిగా లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఇక మేనేజర్‌కు దారి లేకపోయింది. ఆయన బూట్ల తాళ్ళు విప్పడానికి పట్టిన సమయంలో మనిషి తన జీవితమంతా తలుచుకోవచ్చు. నేను నాది తలుచుకున్నాను.

తర్వాత చెప్పాను. ఇక్కడ నీళ్ళు ఉన్నాయి, ఇప్పుడు లేవు. ఇక్కడ మూడు బళ్ళు, ఎప్పుడూ ఉంటాయి. ఇరుసు నేను గీసిన చోటే ఉంది, వెల్డింగ్ వెంట్రుకవాసి తప్పలేదు. ఇదే చోట నిలబడి ఈయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. నేను ఎద్దులా అంబా అన్నాను. డ్రాయింగ్ తెరిచి, కింద రెండు గళ్ళూ చూపించాను. రెండు రంగులు, ఒకటే సంతకం.

మేనేజర్ కాగితం అందుకుని చూశాడు. ముందు మాట్లాడింది పెద్దాయన. సగం అరబిక్‌లో, సగం చేతులతో. వాళ్ళ నాన్న పడవలో తాగేనీళ్ళ పీపాలు ఎప్పుడూ నడిమధ్యనే, అడుగున ఉండేవట. నీళ్ళు తాగే కొద్దీ తేలికయ్యే సామాను ముందు పెడితే పడవ ముక్కు మారిపోతుందట. ఆ మాట చెప్పి మేస్త్రీ వైపు తిరిగి, "ఇంత మాలూమ్?" అన్నాడు. నీకు తెలుసా ఇది అని.

"మాలూమ్ బాబా," అన్నాడు మేస్త్రీ. "ఎడ్లబండి."

ఎడ్లబండి అంటే ఏమిటో నేను అంబా అని వివరించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన మీసం ఒక్కటే కొంచెం కదిలింది.

ఇరుసును కోసి అడుగున్నర వెనక్కి జరిపాం. ట్యాంకును ఇరుసు మీదికి తెచ్చాం, నిండినా ఖాళీ అయినా పెద్ద తేడా రాకుండా. ఇసుక బండి ముందు ఎక్కి గోడకు ఆనుకుని నిలబడాలి, మోటార్ సైకిళ్ళు దాని వెనక. వారం పట్టింది. ఖాళీ ట్యాంకుతో, మూడు బళ్ళూ మళ్ళీ లోపలికి ఎక్కించాక, కొక్కెం ఎత్తమని మేస్త్రీ నన్ను పిలిచాడు. రెండు వేళ్ళతో మొదలుపెట్టాను, రెండు చేతులకు వచ్చాను, చివరికి నడుములో ఏదో టప్పుమంది. కొక్కెం కదల్లేదు.

"ఇగ ఎడ్లకు ఏంగాదు," అన్నాడు మేస్త్రీ, నన్ను లేపి కూర్చోబెడుతూ.

అల్ ఖోర్ కాగితాలు చింపేశారు. కాంట్రాక్టు వర్క్‌షాపులోనే కొత్తది రాశారు. ఇన్‌ఛార్జ్ కాగితం మాత్రం సొరుగులోంచి బయటికి రాలేదు. ఇప్పటికీ రాలేదు. గురువారం నేను ఆ పది అడుగులు నడిచి ఉంటే వచ్చేదేమో. మేనేజర్‌ను అడిగే ధైర్యం నాకు లేదు. మేస్త్రీని ఒకసారి, చాయ్ తాగుతూ, వేరే మాటల మధ్య అడిగాను, ఆ రోజు నా మీద కోపం వచ్చిందా అని.

"గురువారం నాడే చెప్తరనుకున్న సార్," అన్నాడు. చాయ్ తాగేశాడు. కప్పు అడుగు చూసుకున్నాడు. "శనివారమన్న చెప్పిన్రు."

దానికి తిరిగి చెప్పే జోకు నాకింకా దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాను.

ఒక మార్పు మాత్రం జరిగింది. మేనేజర్ ఆర్డర్ వేశాడు. సరిచూసినవారు అన్న గడిలో నా సంతకం ఇక చెల్లదు. అక్కడ మేస్త్రీ తెలుగులో సంతకం చేస్తాడు, పెన్నును సుద్దముక్కలా నిలువుగా పట్టుకుని, నా గీతలకన్నా గుండ్రంగా. ఆ అక్షరాలు ఆఫీసులో ఎవరికీ చదవడం రాదు. అవి లేకపోతే మాత్రం ఇనుము కోయరు. నా నల్ల పెన్ను ఎండిపోయింది.

ఈ చలికాలానికి కొత్త ఆర్డర్ వచ్చింది. నాలుగు మోటార్ సైకిళ్ళు, ఒక చిన్న పడవ. నిన్న పొద్దున ప్రింటు తీసుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. నేల అప్పటికే ఊడ్చి ఉంది. ఆయన ఒక మూల కూర్చుని బూటు తాడు విప్పుకుంటున్నాడు. కాగితం అందుకోలేదు.

"సార్, గిది పోయేటప్పటి లెక్కనా, అచ్చేటప్పటిదా?"

"రెండూ కట్టాను."

ఆయన రెండో బూటు కూడా విప్పి, రెండింటినీ గీత బయట పక్కపక్కన పెట్టాడు.

"అయితే మీరు గూడ ఇడ్సి రాండ్రి. సూద్దాం."